స్టాకు నంబరు పదిహేడు

మా ఆఫీసు స్టాకు రిజిస్టరులో పదహారో నంబరు వస్తువు ఒక ఇనప టేపు. పద్దెనిమిదోది గాలివేగం కొలిచే చిన్న పంకా. ఈ రెంటికీ మధ్య, పదిహేడో నంబరు కింద ఉన్నది ఎర్నమ్మ కుడిచెయ్యి. ఆ పేజీ రాసింది నేనే. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఒకే ఒక్క కొట్టివేతతో ముగిసిన కొద్ది పేజీల్లో అదొకటి కాబట్టి, దాని సంగతి చెప్పే హక్కు నాకే ఉందనుకుంటున్నాను.

మాది జిల్లా నవ్యక్రీడా ప్రోత్సాహక మండలి. నా పేరు పరమేశం, సీనియర్ అసిస్టెంటుని. ప్రతి జిల్లా ఒక కొత్త ఆటను పెంపొందించి తీరాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఏ ఆట ఎవరికన్నది చీట్లు తీసి తేల్చారు. పక్క జిల్లాకి కత్తిసాము వచ్చింది. ఎండకి తారురోడ్లు కరిగే ఇంకో జిల్లాకి మంచుమీద జారే ఆట వచ్చింది. మాకు డిస్క్ గోల్ఫ్ వచ్చింది. అదృష్టమంటే మాదేనని మంచుజిల్లావాళ్లు ఇప్పటికీ కుళ్లుకుంటున్నారు.

ఆట తేలికే. మామూలు గోల్ఫులో బంతిని కర్రతో కొడతారు. ఇందులో కర్రా లేదు, బంతీ లేదు. పళ్లెంలాంటి ప్లాస్టిక్ డిస్కును చేత్తో విసిరి, దూరంగా స్తంభానికి గొలుసులతో అమర్చిన ఇనప బుట్టలో పడెయ్యాలి. తక్కువ విసుర్లలో వేసినవాళ్లు గెలిచినట్టు. బాగా దూరం పోవడానికి అంచు పల్చగా చేసిన డిస్కును డ్రైవర్ అంటారు. ఈ డ్రైవర్లు మూడు రకాల ప్లాస్టిక్కుల్లో దొరుకుతాయి. ఒకటి ముతకది, ఒకటి చేతికి పట్టు దొరికే రబ్బరులాంటిది, ఒకటి గాజులా మెరిసేది. కుడిచేత్తో వెనకనుంచి తిప్పి విసిరితే డ్రైవరు చివర్లో ఎడమకి వంగుతుంది. ఎంత గట్టిగా వంగితే అంత స్థిరత్వం ఉన్నట్టు. చెట్లకీ రాళ్లకీ తగిలినకొద్దీ ఆ అలవాటు తగ్గిపోతుంది. ఎన్నాళ్లకి తగ్గుతుందో అది మన్నిక.

మేము మూడువందల డ్రైవర్లు కొనాలి. ఏ ప్లాస్టిక్కువి కొనాలో ఆట తెలిసినవాళ్లని అడిగితే రెండు నిమిషాల్లో చెప్పేవారు. కానీ తెలిసినవాళ్లని అడగమని ఏ నిబంధనలోనూ లేదు. స్థిరత్వ మన్నికల తులనాత్మక పరీక్ష జరపాలని ఉంది.

పరీక్షకి ముందు విసిరే మనిషి కావాలి. మా కార్యనిర్వహణాధికారి సీతాపతిరావుగారు కొబ్బరికాయ కొట్టి, రిబ్బను కత్తిరించి, తొలి డ్రైవరు తానే విసిరారు. అది వెనక్కి పోయి షామియానా మీద పడింది. దూరం ఎంత రాయమంటారని అడిగితే, ఆయన కాసేపు ఆలోచించి, డిస్కు వ్యతిరేక దిశలో ప్రయాణించినందున మైనస్ ఆరు మీటర్లుగా నమోదు చేయవలసిందన్నారు. నమోదు చేశాను. ఆ వారంలో ఆఫీసంతా విసిరింది. మా టైపిస్టు విసిరినది ప్రహరీ దాటి, పక్కన కడుతున్న భవనం రెండో అంతస్తుకి చేరింది.

అక్కడ ఆరోజు శ్లాబు వేస్తున్నారు. కాంక్రీటు నిండిన గమేళాలు చేతులు మారుతూ పైకి పోతున్నాయి. ఖాళీ అయినవాటిని పైన నిలబడ్డ ఒకామె గిరగిరా తిప్పుతూ కిందికి విసురుతోంది. చూడకుండానే విసురుతోంది, అయినా అన్నీ ఒకే కుప్పమీద పడుతున్నాయి. ఆమె మా డిస్కు తీసుకుని బరువు చూసింది. ఎక్కడికి వెయ్యాలని సైగ చేసి అడిగింది. నేను బుట్ట చూపించాను. డిస్కు సైకిలు షెడ్డు మీదుగా వచ్చి గొలుసుల్లో పడింది. బుట్ట వచ్చి నెలైనా ఆ గొలుసుల చప్పుడు మేము వినడం అదే మొదలు.

ఆమే ఎర్నమ్మ. సీతాపతిరావుగారు అప్పటికప్పుడే ఆమెను మండలి క్రీడాకారిణిగా తీసుకుంటామన్నారు. శ్లాబు ముఠా వదిలితే ఆ చోటు మర్నాడే ఇంకొకరికి పోతుంది. అందుకే ఆమె ఒకే ప్రశ్న అడిగింది, పోటీలకి పంపుతారా అని. తప్పక పంపబడుతుందని అధికారి వాగ్దానం చేశారు.

పంపకపోతే ఏమవుతుందని తర్వాత నేనే అడిగాను.

"శ్లాబు ఆరిపోయాక ఆ ఇంట్లో మమ్మల్ని అడుగెట్టనివ్వరు బాబూ," అంది ఎర్నమ్మ. "ఎవులు మోసినారో ఎవులికీ తెల్దు. ఈ ఆటలో ఇసిరింది నా పేరుమీదుంతాది."

రెండు నెలలు పొద్దుటా సాయంత్రం విసిరింది. డిసెంబరులో మైసూరునుంచి ఉత్తరం వచ్చింది. ఫిబ్రవరి ఇరవయ్యో తేదీన జాతీయజట్టు ఎంపిక జరుగుతుంది, ఆమె పేరు చేర్చుకున్నాం అని. ఎంపిక ఏడాదికి ఒక్కసారే. ఆ ఉత్తరాన్ని ఆమె మూడుసార్లు నాచేత చదివించుకుంది.

సరిగ్గా అప్పుడే పరీక్ష మొదలైంది. ప్లాస్టిక్ శాస్త్రంలో పట్టా పొందిన డాక్టర్ వసుంధరగారిని నిపుణురాలిగా పిలిపించారు. బుద్ధిమంతురాలే, కాకపోతే తర్కం పట్టుకుంటే వదలని మనిషి. తులనాత్మక పరీక్షలో ఒక్క అంశమే మారాలి, ఇక్కడ మారేది ప్లాస్టిక్కు, కనుక విసిరే చెయ్యి మారకూడదు అన్నారావిడ. ఈ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందరం తలలూపాం. ఆ ఊపిన తలలకే తర్వాత నెలన్నరపాటు శిక్ష పడింది.

మర్నాడు ఉత్తర్వు వెలువడింది. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, శ్రీమతి ఎర్నమ్మ కుడిచేతిని భుజము మొదలుకొని వేలికొనల వరకు ప్రామాణిక హస్తముగా ప్రకటించడమైనది. సదరు హస్తము పరికరముల జాబితాలో చేర్చబడును." నేను చేర్చాను. పరిస్థితి అనే గడిలో "బాగుంది" అని రాశాను.

తొలిరోజే ఎర్నమ్మ మూడు డ్రైవర్లనీ చేతిలో తిప్పి చూసి చెప్పేసింది. "ముతకది తొందరగా మెత్తబడిపోద్ది. మెత్తబడ్డాక సెప్పినమాట ఇంతాది, తిన్నగా ఎల్తాది. రబ్బరుది తడిలోన కూడా సెయ్యిజారదు గానీ నెమ్మదిగా అరుగుతాది. గాజుదుంది సూడండి, అది ఏడాదైనా తన దారే తనది. అన్నీ కొన్ని కొన్ని కొనండి."

మూడువందల డ్రైవర్ల సమస్యకి అదే పూర్తి జవాబు. నేను రాసుకోబోతే వసుంధరగారు ఆపారు. "పరికరం అభిప్రాయం చెప్పదండీ," అన్నారు. "రీడింగు మాత్రమే ఇస్తుంది."

ఆరోజు ఎర్నమ్మకి జలుబు చేసి ఉంది. పైగా వచ్చేముందు అత్తగారితో మాటామాటా అనుకుని వచ్చింది. మామూలుగా అయితే ఇవి ఆఫీసుకి పట్టని సంగతులు. కానీ తొలి రీడింగులు తీసుకున్నది ఆ స్థితిలో కనుక ఆ స్థితే కొలమానం, అది పరీక్ష ముగిసేదాకా నిలకడగా ఉండాలి అని నిర్ణయమైంది. జలుబు తగ్గకుండా చూసే పూచీ అటెండరుకి అప్పగించారు. అతను పాపం రోజూ ఆరుగంటలకే చన్నీళ్ల బిందెతో సిద్ధంగా ఉండేవాడు. అత్తగారు అప్పలకొండమ్మ రోజూ ఏడున్నరకి వచ్చి పదకొండు నిమిషాలు కోడలితో తగువాడాలని కబురు పంపారు.

అప్పలకొండమ్మ మొదటి మూడురోజులు ఉత్సాహంగానే వచ్చింది. వారం తిరిగేసరికి ఆమె దగ్గర సరుకు అయిపోయింది. నిజానికి ఆమెకి కోడలంటే ప్రాణం. ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి, ఏమని తిట్టాలో రాసిస్తే చదివించుకుని వెళ్తానని బతిమాలింది. మూడు అంశాలతో ముసాయిదా తయారుచేసి ఫైలు పైకి పంపాను. సీతాపతిరావుగారు రెండో అంశంలో "దిక్కుమాలినదానా" అన్న మాట కొట్టేసి "నిరాధారురాలా" అని దిద్ది ఆమోదించారు. మర్నాటినుంచి అప్పలకొండమ్మ కళ్లొత్తుకుంటూ కోడలిని నిరాధారురాలా అని తిట్టి, వెళ్లేటప్పుడు అరటిపండు ఇచ్చి పోయేది.

నాలుగోవారంలో గొడవ మొదలైంది. ముతక డ్రైవరు ఎడమకి వంగడం మానేసి తిన్నగా పోతోంది. ఎర్నమ్మ చెప్పినట్టే జరుగుతోందని నేనన్నాను. వసుంధరగారు ఒప్పుకోలేదు. ప్లాస్టిక్కు అరిగి తిన్నగా పోతోందా, లేక చెయ్యి మెరుగుపడి తిన్నగా పంపుతోందా? తేలాలంటే చేతిని కూడా పరీక్షించాలి. చేతిని పరీక్షించాలంటే అరుగుదల లేని ప్రామాణిక డిస్కు ఒకటి ఉండాలి. విసిరితే అరుగుతుంది కనుక దాన్ని విసరకూడదు. ఒక కొత్త డ్రైవరుని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాం. ఇక చేతిని దేనితో పరీక్షించాలని ఎవరూ అడగలేదు, తాళం చప్పుడుతో అందరికీ మనసు కుదుటపడింది.

చెయ్యి మెరుగుపడకుండా ఉండడానికి ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఎర్నమ్మ ఇకపై సాధన చేయరాదు. కుడిచేత్తో బిందె ఎత్తరాదు, రుబ్బరాదు, బట్టలు పిండరాదు. ఈ ఉత్తర్వు విని అప్పలకొండమ్మ సంతోషించిందో ఏడ్చిందో నాకు తెలియదు. ఇంటిపని ఆమె మీదే పడింది.

ఫిబ్రవరి మొదటివారంలో ఎర్నమ్మ మైసూరు వెళ్లడానికి అనుమతి కోరుతూ వేలిముద్ర వేసింది. ఆ దరఖాస్తు రాసింది నేనే, దానికి జవాబు టైపు చేయించిందీ నేనే. నాకు సిగ్గు పుట్టించిన కాగితాలు సర్వీసులో చాలానే ఉన్నాయి గానీ దీన్ని మించింది లేదు. "పరీక్ష కొనసాగుచున్నందున ఏ పరికరమూ ప్రధాన కార్యస్థానము విడిచి వెళ్లరాదు. శ్రీమతి ఎర్నమ్మ మైసూరు వెళ్లుటకు ఈ కార్యాలయమునకు ఎట్టి అభ్యంతరమూ లేదు. కుడిచెయ్యి మాత్రము ఇక్కడనే ఉండవలెను."

చదివి వినిపించాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ముఠాలోన నా సోటు పోయింది. ఇక్కడ సెయ్యి పోయింది. ఇంక నాకాడ ఏటుంది బాబూ?"

మర్నాడు పొద్దున్నే నిబంధనల పుస్తకం తీసి చివరిదాకా చదివాను. పరికరాన్ని విడిపించడానికి ఒకే దారి కనిపించింది. తప్పుడు రీడింగులు ఇచ్చే పరికరాన్ని పనికిరానిదని తేల్చి జాబితానుంచి తొలగించవచ్చు. ఎర్నమ్మని పక్కకి పిలిచి, రేపు పరీక్షలో చెత్తగా విసరమని చెప్పాను. ఆమె నావైపు ఎగాదిగా చూసింది. "రానట్టు ఇసరడం నాకు రాదు బాబూ," అంది.

"సరే. అయితే వచ్చినట్టే విసురు," అన్నాను. "ఇన్నాళ్లూ జలుబుతో, తిట్లతో, వాళ్లు చెప్పినట్టు విసిరావు. రేపు నీకు వచ్చినట్టు విసురు."

మర్నాడు ఆమె చన్నీళ్లు పోసుకోలేదు. అత్తగారి పదకొండు నిమిషాలూ నవ్వుతూ నిలబడింది. బుట్ట చుట్టూ నేలమీద దుప్పటంత గడి గీసి ఉంది. ముతక డ్రైవరుని తిన్నగా పంపింది. రబ్బరుదాన్ని కొంచెం వంచి పంపింది. గాజుదాన్ని మైదానం కుడిచివరకి విసిరితే, అది తన దారిన తాను ఎడమకి తిరిగొచ్చి గడిలో పడింది. ముప్పై విసుర్లు, ముప్పయ్యీ గడిలోనే. అటెండరు చప్పట్లు కొట్టి, అధికారిని చూసి ఆపేశాడు.

వసుంధరగారు లెక్కలు వేసి తెల్లబోయారు. కొత్తదీ పాతదీ, ముతకదీ మెరిసేదీ అన్నీ ఒకేచోట పడ్డాయి. అంటే మూడు ప్లాస్టిక్కులూ సమానమన్నా అయి ఉండాలి, లేదా తేడాని చూపే శక్తి పరికరానికి పోయైనా ఉండాలి. మండలి రెంటినీ ఆమోదించింది. ప్లాస్టిక్కులు సమానం కనుక ఏది కొనాలో తేల్చలేక కొనుగోలు వాయిదా పడింది. తేడా తెలియనివ్వనంత నేర్పు వచ్చేసింది కనుక హస్తం పనికిరానిదని తేలింది. రిజిస్టరులో "బాగుంది" కొట్టేసి "పనికిరాదు" అని రాశాను. అంత సంతోషంగా నేనెప్పుడూ ఏ మాటా రాయలేదు.

నా సంతోషం సాయంత్రందాకా నిలిచింది. పనికిరాని పరికరాన్ని ఎవరూ దుర్వినియోగం చేయకుండా సీలు వేసి భద్రపరచాలని అదే పుస్తకంలో తర్వాతి పేజీలో ఉందట. సీతాపతిరావుగారు ఆ పేజీ చూపించారు. బాధ్యుడైన ఉద్యోగి వెంట ఉంటే సీలు వేసిన వస్తువు కార్యస్థానం దాటవచ్చని కూడా ఉంది. కనుక ఎర్నమ్మ కుడిచేతికి భుజందాకా గుడ్డసంచి కుట్టించి, ఏడుచోట్ల లక్క సీళ్లు వేసి, మైసూరుకి పంపించారు. బాధ్యుడైన ఉద్యోగిని నేను.

రెండు రైళ్లు మారి వెళ్లాం. ఆమె ఎడమచేతిలో చెంచా పట్టుకుని పులిహోర తింది. చెయ్యి విరిగిందా అని ఎదుటి సీటాయన జాలిగా అడిగాడు. లేదండీ, ప్రభుత్వ ఆస్తి అన్నాను. ఆయన తర్వాతి స్టేషనులో వేరే పెట్టెకి మారిపోయాడు.

మైసూరులో నిర్వాహకులు ఆ సీళ్లను తిప్పి తిప్పి చూశారు. రెండు చేతులూ ఖాళీగా ఉండి తీరాలని వాళ్ల నియమాల్లో లేదు. ఆడనిచ్చారు. ఎర్నమ్మ డిస్కు ఎడమచేతిలోకి తీసుకుంది. దాంతో ఎలా విసురుతావని అడిగాను. ఆమె మాత్రం తాపీగా చెప్పింది, శ్లాబు రోజున కుడిచెయ్యి పీకితే ఎడమచేత్తో విసురుతారని, గమేళా ఆగితే మేస్త్రీ ఊరుకోడని. ఎడమచేత్తో విసిరితే ప్రతి డ్రైవరూ కుడికి వంగుతోంది. మేం ఆరువారాలు కొలిచిన కొలతలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. రెండు బుట్టలు తడబడింది, మూడోదాన్నుంచి కుదురుకుంది.

ఎంపికయ్యేది నలుగురు. పదిహేడు బుట్టలయ్యేసరికి నాలుగోస్థానానికి ఎర్నమ్మా, ఒక కేరళ అమ్మాయీ సమానంగా ఉన్నారు. చివరిదైన పద్దెనిమిదోది నూటపది మీటర్ల దూరంలో ఉంది. రెండువైపులా ఎత్తైన చెట్లు, మధ్యలో సన్నటి దారి. కేరళ అమ్మాయి మొదటి విసురు చెట్టుకి తగిలి ఆగిపోయింది. ఇప్పుడు తిన్నగా, దూరంగా వేస్తే చాలు. కానీ ఎడమచేతికి అంత దూరం లేదు. అది ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. ఆమె బుట్టకేసి చూసింది, గుడ్డసంచికేసి చూసింది. నావైపు మాత్రం చూడలేదు. నా ఉద్యోగం గురించి ఆలోచించే చూడలేదని అర్థమైంది.

నేను నా చేతిసంచిలోంచి పెన్సిళ్లు చెక్కే చాకు తీశాను. సీళ్లు ఒక్కొక్కటే పగలగొట్టాను. ఏడూ అయ్యాక గుడ్డ చింపేశాను.

"బాబూ, నీ ఉజ్జోగం..." అంది ఎర్నమ్మ.

"విసురమ్మా."

ఆమె వేళ్లు నాలుగుసార్లు ముడిచి విప్పింది. పరీక్షలో ఆరువారాలు దెబ్బలు తిని మెత్తబడ్డ ముతక డ్రైవరుని తీసి, అంచు బొటనవేలితో తడిమింది. ఆ డ్రైవరు చెట్ల మధ్యనుంచి ఎటూ వంగకుండా పోయి, బుట్టకి బారెడు దూరంలో ఆగింది. రెండో విసురుకి గొలుసులు మోగాయి. కేరళ అమ్మాయికి నాలుగు పట్టాయి. ఆ అమ్మాయే ముందు వచ్చి ఎర్నమ్మ భుజం తట్టింది. జట్టు జాబితాలో నాలుగో పేరు ఎర్నమ్మది. దాన్ని నాచేత చదివించుకుని, అక్షరాల మీద వేలు పెట్టి చూసుకుంది.

తిరిగొచ్చేసరికి నా బల్లమీద మెమో ఉంది. సీళ్లు పగలడానికి కారణం నిర్ణీత నమూనాలో తెలపాలని. ఆ నమూనా నాకు కంఠతా వచ్చు. ఎండ, వాన, ప్రయాణంలో కుదుపు, ఎలుకలు అని నాలుగు గళ్లుంటాయి, ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. నేను ఏదీ పెట్టలేదు. కింద ఖాళీలో "నేనే పగలగొట్టాను" అని రాసి సంతకం చేశాను.

సీతాపతిరావుగారు పిలిపించారు. దేనికైనా సిద్ధపడే వెళ్లాను. ఆయన కాగితం చదివి కళ్లజోడు తీశారు.

"పరమేశంగారూ, మీరు అనుభవజ్ఞులు. మనుషులకి ఇందులో గడి లేదు కదండీ."

నేను రాసింది నిజమని చెప్పాను. నిజమైనంత మాత్రాన నమూనాకి వెలుపల రాస్తే ఫైలు ముందుకి కదలదని ఆయన బాధపడ్డారు. నా వాక్యం మీద అడ్డంగా గీత కొట్టి, తన చేత్తోనే ఎలుకల గడిలో టిక్కు పెట్టి, తగు చర్య నిమిత్తం పైకి పంపారు.

చర్య త్వరగానే జరిగింది. ఎర్నమ్మ జట్టుతో శిక్షణకి బయల్దేరిన రోజునే మా ఆఫీసుకి రెండు ఎలుకల బోనులు మంజూరై వచ్చాయి.